ఊరి సంస్థకు ఫౌండేషన్ గ్రాంట్: మొదటి కాగితం నుంచి ఆఖరి రిపోర్టు దాకా

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని వైపు, దీపావళి దాటాక ఊళ్లు ఖాళీ అవుతాయి. మిరపకోతలకు గుంటూరు వైపు లారీలు బయలుదేరతాయి. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ ఎక్కుతారు. తిరిగి వచ్చేది ఉగాదికి, కొందరైతే ఏప్రిల్ ఆఖరుకి. అలాంటి ఊళ్లలో పిల్లల్ని బడిలో నిలబెట్టడానికి సాయంత్రం కేంద్రాలు నడిపే చిన్న సంస్థలో నేను చాలా ఏళ్లుగా లెక్కలూ ప్రపోజళ్లూ చూస్తున్నాను. మనలాంటి సంస్థలు గ్రాంట్ అందుకోలేకపోవడానికి కారణం పని బాగాలేకపోవడం కాదు. ఏ ఇంట్లో అవ్వ ఉంది, ఏ ఇంటికి కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రి అడ్వాన్సు ఇచ్చాడు అన్నది మనకు తెలిసినంతగా ఏ ఫౌండేషన్‌కూ తెలియదు. ఆ తెలిసింది కాగితం మీదికి రావడం లేదు, అంతే. దాన్ని ఎలా తేవాలో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: సంస్థ కాగితాలు

సొసైటీ అయితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేసుకుంటారు. ట్రస్ట్ అయితే డీడ్ రాసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తారు. 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగానూ పెట్టుకోవచ్చు. ఊరిస్థాయి పనికి సొసైటీ గానీ ట్రస్ట్ గానీ చాలు. ఏది పెట్టుకున్నా, మీరు చేసే పని బైలాస్‌లోని లక్ష్యాల్లో ఉందో లేదో ఒకసారి చదివి చూడండి. ఆరోగ్యం అనే మాటే లేని బైలాస్‌తో ఆరోగ్య శిబిరాలకు గ్రాంట్ అడిగితే మొదటి పరిశీలనలోనే పక్కన పెట్టేస్తారు.

తర్వాతది ఆదాయపు పన్ను శాఖ రిజిస్ట్రేషన్. నోటి మాటగా అందరం 12ఏ, 80జీ అంటాం. మొదటిది సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు, రెండోది దాతకు మినహాయింపు. 2021 ఏప్రిల్ నుంచి ఇవి శాశ్వతం కావు. కార్యకలాపాలు మొదలుకాని కొత్త సంస్థకు మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు, తర్వాత అయిదేళ్లకు రెగ్యులర్. ఏటా ఆదాయం 5 కోట్ల లోపు ఉన్న సంస్థలకు 12ఏ (కాగితం మీద 12ఏబీ) గడువును 2025 ఫైనాన్స్ చట్టం పదేళ్లకు పెంచింది, 80జీ మాత్రం అయిదేళ్లే. రెన్యువల్‌కు గడువు తీరడానికి కనీసం ఆరు నెలల ముందు దరఖాస్తు చేయాలి. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌ను రెగ్యులర్ చేయించుకోవడానికి అయితే ఆ ఆరు నెలల లెక్క, లేదా పని మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు, ఏది ముందైతే అది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆ తేదీని ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. ఇంకో మాట: 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్లూ ఫారాల నంబర్లూ వేరుగా ఉంటాయి. పాత నంబర్లు పట్టుకుని కూర్చోకుండా ఆడిటర్‌ని అడగండి.

నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదుకు ఫీజు లేదు. దాదాపు ప్రతి దరఖాస్తులోనూ ఆ నంబరు అడుగుతారు. దాన్ని చేయించి పెడతామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

ఇవి కాక, బయటికి కనపడనివి రెండున్నాయి: మినిట్స్ బుక్, క్యాష్‌బుక్. సర్వసభ్య సమావేశం ఏటా జరగాలి, సంతకాలు ఉండాలి, కమిటీ మారితే కొత్త జాబితా రిజిస్ట్రార్‌కి చేరాలి. చాలా సంస్థల్లో దరఖాస్తు పెట్టే ముందు రోజు రాత్రి మూడేళ్ల మినిట్స్ ఒకే పెన్నుతో రాస్తారు. చూసేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. అంతకంటే, రెండేళ్లుగా సమావేశం జరగలేదని ఒప్పుకుని, ఇప్పుడు పెట్టి, ఇకమీదట పెడతామని చెప్పడం మేలు. ఆ మాట చెప్పిన సంస్థకు గ్రాంట్ వచ్చిన సందర్భం నాకు తెలుసు.

రెండో అడుగు: ఎవరి డబ్బు, ఏ నిబంధన

ఫౌండేషన్ అనే పేరున్న ప్రతిదీ గ్రాంట్ ఇవ్వదు. హైదరాబాద్‌లోని నాంది ఫౌండేషన్, డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ లాంటివి ప్రధానంగా తమ కార్యక్రమాల్ని తామే నడుపుతాయి. వాళ్లకు గ్రాంట్ కోసం రాయడం కంటే, మీ ఊళ్లో వాళ్ల కార్యక్రమానికి చోటుందా అని అడగడం దారి. టాటా ట్రస్టులు (వాటిలో సర్ రతన్ టాటా ట్రస్ట్ 1919లో, సర్ దొరాబ్జీ టాటా ట్రస్ట్ 1932లో పుట్టాయి) ఇతర సంస్థలకు గ్రాంట్లిచ్చే సంప్రదాయం ఉన్నవి. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ బడుల్లో తానే పని చేస్తూ బయటి సంస్థలకూ గ్రాంట్లిస్తుంది. ఎడెల్‌గివ్ ఫౌండేషన్ 2021లో గ్రో ఫండ్ పేరుతో వంద క్షేత్రస్థాయి సంస్థల్ని ఎంచుకుని, ప్రాజెక్టుకు కాకుండా సంస్థ తన కాళ్ల మీద నిలబడటానికి డబ్బిచ్చింది. అలాంటి ప్రకటన కంటబడితే వదలకండి, చాలా అరుదు.

రెండో రకం కంపెనీల సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) డబ్బు. కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్ని చేరిన లేదా దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాను పని చేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మనకు పట్టు దొరికేది ఇక్కడే. తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, జడ్చర్ల దగ్గర ఫార్మా కంపెనీలున్నాయి. ముంబై హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టే బదులు ప్లాంటులో హెచ్‌ఆర్ లేదా సీఎస్ఆర్ చూసే ఉద్యోగిని ముందు కలవండి. ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో ఎంత ఖర్చు పెట్టిందో కేంద్రం నడిపే జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక సాయంత్రం కూర్చుని మీ జిల్లాలో ఉన్న కంపెనీలు చదువుకి ఇస్తున్నాయా, నీటికా, ఆసుపత్రికా అని నోట్‌బుక్‌లో రాసుకోండి.

సీఎస్ఆర్ డబ్బు అందుకోవాలంటే 12ఏ, 80జీతో పాటు సీఎస్ఆర్-1 నమోదు (కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర చేయించుకునేది) ఉండాలి. బయటి సంస్థకైతే ఆ రకం పనిలో కనీసం మూడేళ్ల అనుభవం కూడా ఉండాలి. నిన్న పుట్టిన సంస్థకు కంపెనీ ఇవ్వాలనుకున్నా ఇవ్వలేదు. కాబట్టి మొదటి మూడేళ్లూ ఊరి చందాలతో, స్థానిక దాతలతో పని చేస్తూ, చేసిన ప్రతి పనికీ రుజువు దాచుకోవడమే మార్గం. సమయం కూడా చూసుకోవాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, మిగిలిన డబ్బు హడావిడిగా ఖర్చయ్యేది అప్పుడే. కానీ ప్రణాళిక వేసుకునేది ఏప్రిల్ నుంచి జూన్ మధ్య. తలుపు తట్టాల్సింది ఆ నెలల్లో.

మూడోది విదేశీ డబ్బు. ఇక్కడ తెలుగువాళ్లం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి, ఎందుకంటే ప్రతి ఊరికీ అమెరికాలో ఒక కొడుకో కూతురో ఉన్నారు. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేకుండా విదేశీ విరాళం ఒక్క రూపాయి తీసుకున్నా నేరమే. మీ ఊరి అబ్బాయి ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అతనే అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే. కాబట్టి అకౌంట్ నంబరు ఇచ్చే ముందే "నాయనా, పాస్‌పోర్టు ఏ దేశానిది?" అని అడగండి. అడగడానికి మొహమాటపడి తర్వాత నోటీసులు అందుకున్న సంస్థలున్నాయి. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో లక్ష్యాల మీద 15 లక్షల ఖర్చు ఉండాలి. ఆ డబ్బు పడాల్సిన ఖాతా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరవాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పెద్ద సంస్థ కింద చిన్న సంస్థలు బతికే పాత పద్ధతి దానితో ఆగిపోయింది.

మూడో అడుగు: మాట్లాడటం, కాన్సెప్ట్ నోట్

ముప్పై పేజీల ప్రపోజల్ రాసి యాభై చోట్లకు పంపడం వృథా. అయిదు ఫౌండేషన్లు ఎంచుకోండి. వాళ్లు గతంలో ఎవరికి ఇచ్చారో చూడండి. వీలైతే ఆ సంస్థల్లో ఒకదానికి ఫోన్ చేసి "ఎలా ఉంటారు, రిపోర్టులు ఎంత తరచుగా అడుగుతారు, డబ్బు టైముకి వేస్తారా" అని కనుక్కోండి. తోటి సంస్థవాళ్లు ఈ విషయంలో దాపరికం లేకుండా చెబుతారు.

తర్వాత రెండు పేజీల కాన్సెప్ట్ నోట్. ఏ ఊళ్లు, ఏ సమస్య, మీరేం చేస్తారు, ఎంతమందికి, ఎంత డబ్బు, ఎన్ని నెలలు. ఇంగ్లీషులో రాయలేమని ఆగిపోకండి. ముందు తెలుగులో మీకు తోచినట్టు రాయండి, తర్వాత తెలిసినవాళ్ల చేత మార్పించండి. నేరుగా ఇంగ్లీషులో రాయబోయి, ఎక్కడో చదివిన పెద్దపెద్ద మాటలు పేర్చి, చివరికి తమ ఊరే కనపడని ప్రపోజళ్లు నేను చాలా చూశాను.

నాలుగో అడుగు: సమస్యను రాయడం

ఈ పని మీద ఎక్కువ రోజులు పెట్టండి. ప్రపోజల్‌కు ప్రాణం ఇదే. "విద్య ప్రతి బిడ్డ హక్కు, నిరక్షరాస్యతను నిర్మూలించడమే మా సంస్థ ధ్యేయం" అన్న వాక్యం ఏ జిల్లాకైనా సరిపోతుంది. అందుకే చదివేవాళ్లకు దానితో పని లేదు. దాని బదులు ఇలా రాసి చూడండి. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి అంకెలు గుండ్రంగా పెడుతున్నాను:

"మా నాలుగు ఊళ్లలో నవంబరు మొదట్లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 310 మంది. ఫిబ్రవరిలో మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం. 160 మందే ఉన్నారు. వెళ్లిన 150 మందిలో 100 మందికి ఊళ్లో అవ్వో తాతో ఉన్నారు. పిల్లల్ని వదిలి వెళ్లడానికి తల్లులు చెప్పిన అడ్డంకి ఒక్కటే: బడి వదిలాక రాత్రి పడేదాకా చూసేవాళ్లు లేరు, ముసలామె వాళ్ల వెనక పరుగెత్తలేదు."

ఇది చదివినవాళ్లకు సాయంత్రం కేంద్రం ఎందుకో మీరు విడిగా చెప్పనక్కర్లేదు. ఈ లెక్క తీయడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఒక రూళ్ల నోట్‌బుక్, ఇంటింటికీ తిరిగే ఇద్దరు అమ్మాయిలు, నాలుగు రోజులు చాలు. ఇంటి పేరు, పిల్లల వయసు, ఎవరు వెళ్లారు, ఎవరు ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరు, అయిదు గళ్లు. తేదీ వేయండి. రేపు బేస్‌లైన్, అంటే పని మొదలుపెట్టక ముందు పరిస్థితి లెక్క, అడిగితే చూపించేది ఈ నోట్‌బుక్కే.

ప్రభుత్వం ఏం చేస్తోందో కూడా రాయాలి. వలస ప్రాంతాల్లో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. మీ ఊళ్లో ఉందా, ఉంటే ఏ నెలలో తెరిచారు, ఎంతమంది చేరారు అన్నది మీరే ముందు చెప్పండి. "హాస్టల్ ఉంది కదా, మీరెందుకు?" అన్న ప్రశ్న ఫౌండేషన్‌వాళ్లు తప్పకుండా అడుగుతారు. దానికి ఊరి నుంచి వచ్చిన జవాబు మీ దగ్గర ఉండాలి. వాళ్ల మాట కాదనడానికి కాదు, హాస్టల్ తెరిచేలోపు లారీలు వెళ్లిపోతున్నాయా అన్నది తేల్చడానికి.

లక్ష్యం పెట్టేటప్పుడు నిజాయితీగా ఉండండి. వందకు వంద నిలబెడతామని రాయొద్దు. 80 అనండి, మిగతా ఇరవైమంది ఎందుకు వెళ్తారనుకుంటున్నారో రాయండి.

అయిదో అడుగు: బడ్జెట్

ఆ నాలుగు ఊళ్లకు, 100 మంది పిల్లలకు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరు నెలల లెక్క ఇలా వస్తుంది. కేంద్రానికి ఒకరు చొప్పున నలుగురు టీచర్లకు నెలకు 6,000 గౌరవ వేతనం, 1,44,000. సాయంత్రం ఉడకబెట్టిన శనగలో, వేరుశనగ బెల్లమో పిల్లకు పది రూపాయలు, నెలకు 25 రోజులు, 1,50,000. కోఆర్డినేటర్ జీతం నెలకు 15,000 చొప్పున 90,000, ఆయన బండి పెట్రోలు 15,000. పుస్తకాలు, పలకలు పిల్లకు 350 చొప్పున 35,000. నాలుగు కేంద్రాలకు లైట్లు 16,000. ఇక్కడిదాకా అందరూ రాస్తారు, 4,50,000.

ఆగిపోయేది దీని తర్వాత. పార్ట్‌టైమ్ అకౌంటెంట్‌కు నెలకు 5,000 చొప్పున 30,000, ఆడిట్ 10,000, ఆఫీసు అద్దె, కరెంటులో ఈ ప్రాజెక్టు వాటా 18,000. ఈ 58,000 అడగడానికి మనవాళ్లకు సిగ్గు. "సేవ చేస్తూ అద్దె అడుగుతామా" అంటారు. అడగాలి. అకౌంటెంట్ లేకపోతే యూసీ (ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్) టైముకి వెళ్లదు, యూసీ వెళ్లకపోతే రెండో విడత రాదు, రెండో విడత రాకపోతే టీచరు జీతం ఆగుతుంది. మొత్తం 5,08,000లో అది 11 శాతం చిల్లర. పిల్లకు 5,080 రూపాయలు పడింది. ఆ అంకె బడ్జెట్ కింద రాసి, ప్రతి వరుస పక్కనా ఎలా లెక్కగట్టారో ఒక్క లైను పెట్టండి.

అంకెలు పెంచి రాసి తర్వాత బేరమాడదామని చూడకండి. కొటేషన్లు అడుగుతారు, పక్క జిల్లా సంస్థ ఇచ్చిన బడ్జెట్ వాళ్ల టేబుల్ మీదే ఉంటుంది. తగ్గించి రాయడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ లోటు చివరికి టీచరు జీతంలోంచే పోతుంది.

ఆరో అడుగు: వాళ్లు ఊరికి వచ్చినప్పుడు

ఫీల్డ్ విజిట్‌కు షామియానా, పూలదండలు, శాలువా వద్దు. మామూలు రోజున కేంద్రం ఎలా నడుస్తుందో అలాగే నడపండి. పిల్లలకు పాట నేర్పించి నిలబెట్టొద్దు. ఒక విజిట్‌లో వచ్చినావిడ మా కోఆర్డినేటర్‌ని వదిలేసి, అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ చేతిలో మనవడి సంచి ఉంది. "పిల్లోడు రాత్రి ఏడింటికి వస్తాడు, అప్పటికి నేను సంగటి చేసి పెడతా. పోయినేడు వాళ్లమ్మ ఎంబడి పోయె, ఇంట్లో దీపం కూడా పెట్టబుద్ధి కాలే" అంది. మేం పదిహేను పేజీల్లో రాసింది అంతే. ఊరివాళ్లను మాట్లాడనివ్వండి, మధ్యలో అందుకుని సర్దకండి. తర్వాత క్యాష్‌బుక్, వోచర్లు, హాజరు పట్టీ అడిగితే వెంటనే తీసి ఇచ్చేలా ఒకే బీరువాలో ఉంచండి.

ఏడో అడుగు: ఎంఓయూ, డబ్బు, లెక్క

సంతకం పెట్టే ముందు ఎంఓయూ (ఫౌండేషన్‌తో ఒప్పంద పత్రం) తెలుగులో ఎవరిచేతనైనా చదివించుకుని కమిటీలో తీర్మానం చేయండి. విడతలు ఎప్పుడెప్పుడు వస్తాయి, ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు ఎంత శాతం దాకా అడగకుండా మార్చుకోవచ్చు, మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వాలా, ఫోటోలకు ఎవరి అనుమతి కావాలి అన్నవి అందులో చూసుకోండి. పిల్లల ఫోటోల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా ఒప్పుకోకండి.

ఒక్కో గ్రాంట్‌కు విడిగా లెడ్జర్ పెట్టండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా మొదటి గ్రాంట్‌లో విడత ఆలస్యమైతే టీచర్లు పస్తులుంటారని ఇంకో ప్రాజెక్టు డబ్బులోంచి జీతాలిచ్చేశాను. మంచి పనే అనుకున్నాను. ఆడిట్‌లో రెండు గ్రాంట్ల లెక్కలూ తేలక, రెండు యూసీలూ నాలుగు నెలలు ఆగిపోయాయి. ఇప్పుడైతే విడత ఆలస్యమైతే ఫౌండేషన్‌కు రాసి, కమిటీ తీర్మానంతో సంస్థ సొంత నిధి నుంచి అప్పుగా చూపించి ఇస్తాం. జీతాలు నేరుగా బ్యాంకు ఖాతాలోకే. శనగలకు దుకాణం బిల్లు, బిల్లు లేని సంతలో కొంటే ఇద్దరి సంతకాలతో వోచర్, అదే రోజు.

పన్ను విషయాలు రెండు గుర్తుంచుకోండి. సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ధర్మకార్యాలకు ఖర్చు చేయాలి. మార్చి ఆఖరులో పెద్ద విడత పడితే ఖర్చు చేయడం కుదరదు కదా, అప్పుడు రిటర్న్‌కు ముందే ఆడిటర్‌తో చెప్పి ఆ మొత్తాన్ని తర్వాతి ఏడాదికి చూపించే ఫారం వేయించాలి. రెండోది, దాతల వివరాల స్టేట్‌మెంట్ మే 31లోపు వేయాలి. అది వేస్తేనే దాతకు 80జీ సర్టిఫికెట్ వస్తుంది, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. 2,000 మించిన నగదు విరాళానికి 80జీ వర్తించదని ఊరి దాతలకు ముందే చెప్పండి.

ఎనిమిదో అడుగు: రిపోర్టు

మూడు నెలలకోసారి రిపోర్టు అడుగుతారు. మంచి ఫోటోలు నాలుగు, హాజరు అంకెలు, ఖర్చు పట్టిక, జరగనిది ఏమిటి, ఎందుకు జరగలేదు. ఆఖరి రెండు ముక్కలు చాలామంది రాయరు. మేం ఒక ఏడాది 80కి 64 మందినే నిలబెట్టగలిగాం. దాచాలని కమిటీలో ఒకరు అన్నారు. తేదీలతో సహా రాసేశాం: ఒక ఊళ్లో జనవరి రెండో వారంలో కేంద్రం మూతబడింది, ఎందుకంటే టీచరమ్మ కూడా భర్తతో మిరపకోతకు వెళ్లిపోయింది. కోతలో నెలకు వచ్చేదానికి మేమిచ్చే 6,000 సరితూగలేదు. ఆమె వెళ్లిన వారంలోనే పదహారుమంది పిల్లలూ వెళ్లారు.

రిపోర్టు పంపిన పది రోజులకు ఫౌండేషన్ నుంచి ఫోన్ వచ్చింది. రెండో ఏడాది బడ్జెట్‌లో టీచరు గౌరవ వేతనాన్ని వాళ్లే 8,500కు మార్చి పంపమన్నారు.